ఇంజను ఆపేసి కొండెక్కిన జీపు

గేర్ల మామయ్య టీ కొట్టు బెంచీ మీద కూర్చునే తీరు చూస్తే చాలు, ఇవాళ కోత ఎంత పొడుగు సాగుతుందో చెప్పేయొచ్చు. కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చుంటే చిన్నది, గ్లాసులో టీ చల్లారేలోపే అయిపోతుంది. ఒక కాలు మడిచి పైన పెట్టుకుంటే కాస్త పెద్దది. రెండు కాళ్ళూ పైకి లాక్కుని, భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడంటే మాత్రం, ఇంట్లో పొయ్యి మీద ఏదైనా పెట్టొచ్చినవాళ్ళు లేచి వెళ్ళి దించేసి రావడం మంచిది.

ఆ సాయంత్రం రెండు కాళ్ళూ పైనే ఉన్నాయి. తువ్వాలు ఒళ్ళోకి చేరింది.

అది చూసి ఆయన అల్లుడు నీరుగారిపోయాడు. పాపం, లేచి పోదామన్నా వీల్లేని పరిస్థితి అతనిది. ఎడమ మడమకి ఇంత లావు కట్టు, పక్కన చంకకర్ర, ఎదురుగా రోడ్డు అవతల షెడ్డులో అతని జీపు. పాత జీపే అయినా నాలుగు చక్రాలకీ లాగుడు ఉన్న బండి. కొండ మీద ఫోన్ టవరుకి బ్యాటరీలు చేరవేసే పని అతనికి ఒప్పగించారు, మొదటి ట్రిప్పు రేపు పొద్దున్నే. అది సవ్యంగా చేరితే ఇకపైనా ఆ పని ఇతనిదే. చేరకపోతే ఇంకోడిది, ఆ ఇంకోడు అప్పుడే బండి కడిగించుకుని కూర్చున్నాడని కూడా కబురు. సరిగ్గా ఈ ముహూర్తం చూసుకునే మన అల్లుడు గుమ్మం మెట్టు మీద కాలు మడతేసుకున్నాడు. క్లచ్చి తొక్కాల్సింది ఎడమ కాలే కదా మరి!

"నేనున్నాగా," అనేశాడు మామయ్య ఆ పొద్దున్నే, టిఫిను తిని చెయ్యి కడుక్కుంటూ. "రేపు బండి నేను తోలతా."

పెళ్ళయిన దగ్గర్నుంచీ అల్లుడు మామగారి నోట కొండల మీద బళ్ళ కథలు వింటూనే ఉన్నాడు గానీ, ఆయన స్టీరింగు పట్టుకోగా ఒక్కసారి చూసిన పాపాన పోలేదు. ఎప్పుడడిగినా "నాకు మొహం మొత్తిందండీ" అని పక్క సీట్లో కూర్చుని, పైగా నడిపేవాడికి సలహాలు. భార్య అలా కాదు. డ్రైవింగ్ స్కూల్లో నేర్పే ఉద్యోగం ఆమెది, వాన బురదలో కూడా ఈ జీపుని గుమ్మందాకా తెచ్చి ఆపుతుంది. కానీ ఆమె "నేను వెళ్తా నాన్నా" అనగానే మామయ్య నవ్వేశాడు. "కొండ వేరు, మీ గ్రౌండు వేరు తల్లీ."

గదిలోకి వెళ్ళాక మొగుడూ పెళ్ళాల మధ్య గుసగుస.

"మీ నాన్నకి నువ్వు చెప్పు."

"మీ మామగారికి మీరు చెప్పండి."

"అల్లుణ్ణి, నేనెలా చెప్తాను? మర్యాదగా ఉంటుందా?"

"కూతుర్ని, నేనెలా చెప్తాను? ఆయన మొహం చిన్నబోతే చూడగలనా?"

అక్కడితో ఆగింది వ్యవహారం. అల్లుడు ఇక మెకానిక్కు మీదే ఆశ పెట్టుకున్నాడు. చేతులకి నూనె అంటినవాడు నోటికొచ్చింది అనెయ్యగలడు, చుట్టరికం అడ్డం రాదు.

మెకానిక్కు అప్పుడే గేర్‌బాక్సు బిగించి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ రోడ్డు దాటి వచ్చాడు. టీ కొట్టు పిన్ని అడక్కుండానే గ్లాసు అందించింది.

"కొత్త ప్లేటు వేశాను. ఎవరు తీసుకెళ్తారో వాళ్ళకే చెప్తున్నా, వినండి," అంటూ అతను కుడి అరచెయ్యి నిలబెట్టాడు. "ఇది ఫ్లైవీలు. ఇంజను వెనకాల ఉండే బరువైన ఇనప చక్రం, ఇంజను తిరిగినంతసేపూ ఇదీ తిరుగుతుంది." ఎడమ అరచెయ్యి నిలబెట్టాడు. "ఇది క్లచ్చి ప్లేటు. దీని తిరుగుడు గేర్‌బాక్సులోంచి చక్రాలకి పోతుంది. పెడలు మీంచి కాలు తీస్తే ఇది దానికి గట్టిగా అతుక్కుంటుంది, బండి కదుల్తుంది." రెండు చేతులూ టప్పున అంటించాడు. "తొక్కితే విడిపోతుంది. అంతే, ఇంకేం లేదు. ఎత్తులో సగం తొక్కి సగం వదిలి బండిని వేలాడదీశారనుకోండి, ఇటు అతుక్కోదు, అటు విడిపోదు, రాసుకుని రాసుకుని కాలిపోతుంది." అంటూ అరచేతులు రెండూ రుద్ది పిన్ని ముక్కు దగ్గర పెట్టాడు. పిన్ని నిజంగానే మొహం తిప్పుకుంది. "ఫ్లైవీలు మాత్రం పాతదే ఉంచా. బరువైంది. కొండకి అదే మంచిది, ఒకసారి ఊపందుకుంటే ఓ పట్టాన ఆగదు, ఇంజను చటుక్కున చచ్చిపోదు."

మామయ్య గ్లాసు కింద పెట్టాడు.

"ఓ పట్టాన ఆగదుట! నాయనా, ఫ్లైవీలు ఆగకపోవడమంటే ఏమిటో నీకేం తెలుసు? అల్లుడుగారూ, మీరు కూడా వినండి, రేపటికి మీకు ధైర్యంగా ఉంటుంది."

అల్లుడు చంకకర్ర పక్కకి జరుపుకుని, వినడానికి సిద్ధపడ్డాడు. ఇంకేం చేస్తాడు?

"అప్పట్లో మా బండి కొండ మీద క్వారీకి సామాను తోలేది. ఓ రోజు వాన పట్టుకుంది. మామూలు వాన కాదమ్మా పిన్నీ, గొడుగు వేస్తే గొడుగు కిందనుంచి కూడా కురిసింది. సగం ఎత్తు ఎక్కామో లేదో క్లచ్చి తీగ ఫట్టుమని తెగింది. ఇంకోడైతే బండి దిగి నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు. ఏం చేశానో తెలుసా? కళ్ళు మూసుకుని ఇంజను పాట విన్నా. అది ఏ శ్రుతిలో ఉందో పట్టుకుని, ఆ శ్రుతి కలిసే దాకా ఆగి, క్లచ్చి తొక్కకుండానే గేరు తోశా. వెన్నలో వేలు దిగినట్టు దిగింది."

"చెయ్యొచ్చు," అన్నాడు మెకానిక్కు తలూపుతూ. "చెయ్యి తిరిగినవాళ్ళకి పడుతుంది."

అల్లుడి ప్రాణం కాస్త లేచొచ్చింది. మెకానిక్కే ఔనన్నాడంటే ఏదో ఉండే ఉంటుంది. ఏమో, ఈయన్ని నేనే తక్కువ అంచనా వేశానేమో అనుకుని మనసులోనే చెంపలు వేసుకున్నాడు.

అంతలో భార్య స్కూల్నుంచి వచ్చి పక్కన కూర్చుంది. "ఏ కథ?" అంది చెవిలో.

"తీగ తెగింది."

"ఓ, అదా. చిన్నప్పుడు ఆ కొండ మేడంత ఉండేది. ఇప్పుడు ఎంతుందో చూద్దాం," అంటూ పిన్నిని టీ అడిగింది.

"గేరు పడింది సరే, బురద ఊరుకుంటుందా? ఎడమ వెనక టైరు గిరగిరా ఒకచోటే తిరిగి, ఇంత రాయి పెకలించి విసిరింది చూడండీ, సరిగ్గా వచ్చి నా మోకాలి చిప్ప మీద తగిలింది!" మామయ్య ప్యాంటు పైకి లాగి చూపించాడు. మచ్చ ఉన్న మాట నిజం, వానపాములా తెల్లగా మెరుస్తోంది. పిన్ని "అయ్యయ్యో" అంది. "రక్తం కారుతోంది, నేను చూసుకున్నానా? లేదు. ఆ ఊపులో బండి ఇంకో మలుపు ఎక్కింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొగ! నల్లటి పొగ గుప్పున నా మొహానే కొట్టింది. ఆ కంపు నాకు తెలుసు. ప్లేటు పోయింది. పూతంతా కాలి, ఒట్టి రేకు మిగిలింది."

"అయితే బండి ఆగిపోయిందా అన్నయ్యగారూ?"

"బండి ఆగుతుందిగానీ నేను ఆగుతానా? కిందికి దూరి గేర్‌బాక్సు విప్పి, పొట్ట మీద పెట్టుకున్నా."

"ఒక్కరే?" అన్నాడు మెకానిక్కు. ఇందాక ఆ గేర్‌బాక్సుని జాకీ మీదకి ఎక్కించడానికి అతనికి నడుం విరిగినంత పనైంది.

"ఇంకోడికి చోటుంటేగా! నడుముకున్న తోలు బెల్టు తీసి ముక్కలు కోసి ప్లేటుకి అతికించా."

"దేంతో అతికించారూ?"

"క్యారేజీలో మిగిలిన అన్నంతో."

మెకానిక్కుకి టీ పొలమారింది. పిన్ని వీపు మీద తట్టింది.

"నవ్వకు. పట్టు చూడాలి! ఆ ప్లేటు ఫ్లైవీలుకి అతుక్కుందంటే ఇద్దరు కొత్త పెళ్ళివాళ్ళనుకో, విడదీయడానికి పెడలు మీద నిలబడి గెంతాల్సొచ్చింది."

"ఇంతసేపూ అంత ఎత్తులో బండి వెనక్కి జారలేదా?" అన్నాడు మెకానిక్కు తేరుకుని.

"ఆగవే అన్నా. ఆగింది."

అల్లుడు తలొంచుకున్నాడు. ఇందాక లేచొచ్చిన ప్రాణం మెల్లగా మళ్ళీ కూర్చుంది. భార్య మాత్రం పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటోంది. చిన్నప్పుడు అన్నం తినేటప్పుడు ఈ కథ వింటే ఇంకో ముద్ద ఎక్కువ తినేదట. అల్లుడికి మాత్రం ముద్ద దిగేటట్టు లేదు. రేపు పొద్దున ఈయన బ్యాటరీల బరువుతో మొదటి మలుపులో "ఆగవే" అంటే, ఆ జీపు ఆగుతుందా? వెనక ఉన్నది లోయ.

"అసలు సంగతి ఇప్పుడుంది," అన్నాడు మామయ్య, మోకాళ్ళు చేతుల్తో చుట్టేసుకుని. "చివరి ఎత్తు. కోతి కూడా ముందు కూర్చుని ఆలోచించుకుని మరీ ఎక్కే ఎత్తు. చూస్తే డీజిలు నిండుకుంది. ముల్లు అడుక్కి పడి నా వైపు జాలిగా చూస్తోంది. మరి నాకు కనపడిందేమిటి? ఫ్లైవీలు! అప్పటికే మంచి ఊపు మీదుంది. దీనికి ఇంత ఊపుండగా మధ్యలో ఇంజను దండగెందుకని తాళం తిప్పేశా."

"ఇంజను ఆపేశారా?"

"ఆపేశా. నిశ్శబ్దం. వాన చప్పుడు, ఫ్లైవీలు జుమ్ముమనే చప్పుడు, అంతే. బండి జామ్మని ఎక్కేస్తోంది. పైకెళ్ళాం, సామాను దించారు, మొహం కడుక్కుని ఓ కునుకు తీసి లేచా. ఇంకా తిరుగుతోంది! ఇంత ఊపు గాలికి పోవడం దేనికని దానికి బెల్టు తగిలిస్తే క్వారీలో రాళ్ళు కొట్టే మిషను నడిచింది. అదయ్యాక మేనేజరు బతిమాలాడు, ఆఫీసులో లైట్లు వెలిగించి పెట్టా. వాళ్ళావిడ బట్టలు కూడా తెచ్చింది, ఆ గాలికి ఆరబెట్టుకుందామని."

"ఆరాయా?" అంది పిన్ని. ఆవిడ గ్లాసులు కడగడం ఎప్పుడో మానేసింది.

"బట్టలేం ఖర్మ, ఆ గాలికి మబ్బులే చెదిరిపోయాయి. వాన వెలిసింది. ఆ మబ్బులన్నీ పోయి పక్క కొండ మీద కురిశాయి, అక్కడివాళ్ళు నా మీద ఫిర్యాదు పెట్టారు, 'మీ ఫ్లైవీలు మా కళ్ళం ముంచింది' అని!"

మెకానిక్కు బల్ల మీద చెయ్యి కొట్టి నవ్వాడు. కొట్టు ముందు బండాపి సిగరెట్టు వెలిగించుకుంటున్నవాళ్ళు కూడా ఓ చెవి ఇటు వేశారు. జనం పెరిగేకొద్దీ మామయ్య గొంతు పెరిగింది, గొంతుతో పాటు కొండా పెరిగింది.

"దిగేటప్పుడు చూడాలి తమాషా! ఫ్లైవీలు ఆగనంటుంది. బ్రేకు తొక్కితే బ్రేకే అరుస్తోంది. చీకటి, బురద. ముందున్న రెండు ఎర్ర లైట్లలో ఒకదాన్ని బురద కమ్మేసింది, రెండోది మిణుకుమిణుకుమంటోంది. ఆ ఒక్క ఎర్ర చుక్కనే కళ్ళలో పెట్టుకుని, అది ఎటు పోతే అటు, అది ఆగితే ఆగి..."

కూతురి మొహంలో నవ్వు మాయమైంది. గ్లాసు మెల్లగా బెంచీ మీద పెట్టింది.

"నాన్నా, ఒక్కటడగనా?"

"అడుగు తల్లీ!" ఆయన ఊపులో ఉన్నాడు.

"బండి నువ్వే తోలుతున్నావు కదా. నీ బండి వెనక టైరు విసిరిన రాయి నీ మోకాలికెలా తగిలింది?"

ఎవరో నవ్వబోయి ఆపేశారు.

"అదా... అది పోయి కొండకి కొట్టుకుని, తిరిగొచ్చి, కిటికీలోంచి..."

"ఎర్ర లైటు?"

"అద్దంలో కనపడదేమిటే!"

"మన బండి ఎర్ర లైటు మన అద్దంలో కనపడదు నాన్నా. వెనకొచ్చేవాడికి కనపడుతుంది. పొగ కూడా వెనకున్నవాడి మొహానే కొడుతుంది."

మామయ్య టీ గ్లాసు అందుకుని గటగటా తాగాడు. అది ఎప్పుడో ఖాళీ అయిపోయిందని ఆయనకి తప్ప అందరికీ కనపడుతూనే ఉంది.

"నువ్వు బండి వెనకున్నావు కదూ?" అంది అమ్మాయి. గొంతు తగ్గించే అంది గానీ, అంత నిశ్శబ్దంలో ఎంత తగ్గిస్తే మాత్రం? "చెక్క పట్టుకుని."

సిగరెట్ల వాళ్ళు ఇక సరుకు అయిపోయిందని బళ్ళు తీసుకుని పోయారు. అల్లుడికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. పాత రోజుల్లో కొండ బళ్ళ వెనక క్లీనరు నడిచేవాడని, చేతిలో చక్రానికి అడ్డం పెట్టే చెక్క ఉండేదని అతనూ విన్నాడు. డ్రైవరు గేరు తప్పినా, క్లచ్చి మోసం చేసినా బండి వెనక్కి జారుతుంది. అందరూ పక్కకి గెంతే ఆ క్షణంలో ఒక్క మనిషి మాత్రం చక్రం కిందికి వంగాలి. చెక్క సరిగ్గా పడితే బండి ఆగుతుంది. పడకపోతే ముందు పోయేది ఆ వంగినవాడే.

మామగారి వైపు చూడలేక అల్లుడు చంకకర్ర వైపు చూస్తూ అడిగాడు. "తీగ తెగిన మాట నిజమేనా మామయ్యగారూ?"

"నిజమే."

"బండి జారిందా?"

"జారదా మరి? అంత బరువుతో."

"అప్పుడు?"

"అప్పుడేముందండీ, పెట్టా."

"లోపల మనుషులున్నారా?"

"ఉన్నారు. క్వారీ కూలీలు, ఆడవాళ్ళు, బోలెడు మంది. పక్కన లోయ." ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "మొదటి చెక్క బురదలో జారిపోయింది. మోకాలు అడ్డం పెట్టి రెండోది తోశా. పట్టుకుంది."

"మరి ఇన్నాళ్ళూ ఇది ఎప్పుడూ చెప్పలేదేం నాన్నా?"

మామయ్య నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇందులో చెప్పడానికేముందే? చక్రం కింద చెక్క పెట్టడం కూడా ఒక కథేనా? ఎవరు వింటారు?"

పిన్ని ఆయన గ్లాసు తీసుకెళ్ళి టీ పోసి తెచ్చి పెట్టింది.

ఇదే సమయం అనుకున్నాడు అల్లుడు. గొంతు సవరించుకున్నాడు. మామగారికి వద్దని చెప్పడం చేతకాదు గానీ, కావాలని అడగడం చేతనవును కదా.

"మామయ్యగారూ, రేపు అమ్మాయి తోలుతుంది. మంచి బండి, మంచి ప్లేటు, అన్నీ ఉన్నాయి. వెనక నడవడానికే మనిషి లేడు. ఆ పనికి నేను ఎవర్నీ నమ్మలేను. మీరు వస్తారా?"

మామయ్య కాళ్ళు కిందికి దించి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు. కూతురి వైపు తిరిగాడు. ఈసారి గొంతులో సాగదీత లేదు.

"మొదటి గేరు దాటకు. అందులో బండి మనిషి నడక కన్నా నిదానంగా పోతుంది, నాకు సరిపోతుంది. ఆగాల్సొస్తే క్లచ్చి మీద వేలాడకు, బ్రేకు తొక్కేయ్. నేను అరిచేదాకా కాలు తియ్యకు. అరిచాక బరువు మెల్లగా చెక్క మీదికి దించు. ఒక్కసారి వదిలావో, నా వేళ్ళు ఉండవు."

"సరే నాన్నా."

"సరే కాదు, తిరిగి చెప్పు."

ఆమె తిరిగి చెప్పింది, బడిపిల్లలా, ఒక్క ముక్క పోకుండా. మెకానిక్కు కూడా పెదవులు కదుపుతూ విన్నాడు.

తర్వాత ఆయన రోడ్డు దాటి షెడ్డు వెనక పాత చెక్కల గుట్ట దగ్గర కూర్చున్నాడు. ఒకటి తీసి గోటితో గీకి అవతల పారేశాడు. ఇంకోటి గోడకేసి కొట్టి, చప్పుడు విని, అదీ పారేశాడు. మూడోది ముక్కు దగ్గర పెట్టుకుని తడి వాసన చూశాడు. అమ్మాయి జీపెక్కి, దాన్ని షెడ్డు ముందున్న వాలులో ఆపి కూర్చుంది. ఆయన నచ్చిన చెక్క ఒకటి వెనక చక్రం కింద వాలుగా ఇరికించి చెయ్యి పైకెత్తాడు. ఆమె బ్రేకు మెల్లగా వదిలింది. బండి ఒక్క పిసరు వెనక్కి ఒరిగి, చెక్క మీద కూర్చుని, కదలకుండా ఉండిపోయింది. ఆయన అరచెయ్యి చక్రం మీదే ఉంది.

కొట్టులోంచి పిన్ని కేకేసింది. "అన్నయ్యగారూ, పక్క కొండవాళ్ళ ఫిర్యాదు చివరికి ఏమైంది? సగంలో వదిలేశారు!"

మామయ్య తలెత్తలేదు.

"పనిలో ఉన్నప్పుడు మాట్లాడించకమ్మా," అన్నాడు.